తాంబూలాల నాటి మాట

పెళ్లి కుదిరిందన్న కబురు రాగానే మధ్యతరగతి ఇంట్లో ముందుగా పంచాంగం తెరుస్తారు. ఆ తర్వాత బీరువాలో మూటగట్టి దాచిన బంగారాన్ని బయటికి తీసి చూసుకుంటారు. రాత్రి పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలిద్దరే కూర్చుని ఓ తెల్లకాగితం మీద లెక్క వేస్తారు. హాలు, భోజనాలు, పుస్తెలు, గొలుసు, బట్టలు, పెట్టుపోతలు, మేళం, ఫొటోలు, మగపెళ్లివారి విడిది, బస్సు. విడివిడిగా చూస్తే అన్నీ అవసరమైనవిగానే కనిపిస్తాయి. అన్నీ కూడాక కాసేపు ఇద్దరికీ మాట రాదు. ఎక్కడైనా తప్పు కూడామేమోనని మళ్లీ పైనుంచి మొదలుపెడతారు. తప్పేమీ ఉండదు. ఇక ఎవరిని అడగాలి, ఏది కుదువ పెట్టాలి, చిట్టీ ఈ నెలే పాడేసుకుందామా అన్న మాటలతో తెల్లవారుతుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు రెండింటి కష్టాన్నీ ఒకే గాటన కట్టారు. అప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండూ ఒకటి కావు. ఇంటికైతే బ్యాంకు ఏళ్ల తరబడి గడువిచ్చి, తక్కువ వడ్డీకి ఇస్తుంది. అప్పు తీరేసరికి నెత్తిన కప్పు మిగులుతుంది. పెళ్లికి తెచ్చేది చాలాచోట్ల నోటు రాసి తెచ్చిన వడ్డీ డబ్బే. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఎక్కువేమీ కాదన్నట్టు మాట్లాడతారు. ఆ లెక్కన 5 లక్షలు తెస్తే నెలకు వడ్డీయే 10 వేలు, ఏడాదికి 1,20,000. అసలు కదలకుండా ఐదేళ్లు గడిస్తే 6 లక్షలు వడ్డీ కిందే పోతాయి. ఆ ఐదేళ్లలో పెళ్లికూతురు తల్లవుతుంది, ఆమె బిడ్డ బడిలో చేరుతుంది. తాతగారు మాత్రం ఇంకా ఆ పెళ్లి భోజనాలకు వడ్డీ కడుతూనే ఉంటారు. ఈలోగా ఆ ఇంట్లో రెండో పిల్ల చదువు ఆగిపోయినా, కంటి ఆపరేషన్ వాయిదా పడినా దాన్ని ఎవరూ పెళ్లి ఖర్చులో రాయరు.

దీనికి బంగారం తోడైంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల ధర మొదటిసారి లక్ష రూపాయలు దాటింది. సంబంధం మాట్లాడుకున్నప్పుడు ఐదు తులాలు పెడతామని మాటిచ్చిన ఇంటికి ఆ ఒక్క మాటే 5 లక్షల పైచిలుకు అయి కూర్చుంది. అయినా మాట తప్పకూడదన్న పట్టుదల మన తల్లిదండ్రులది. ఆ పట్టుదలను గౌరవించాల్సిందే. అయితే అసలు ఆ మాట ఇచ్చేటప్పుడు వారి ఎదుట ఎవరు కూర్చున్నారు, ఏమన్నారు అన్నదే ఆలోచించాల్సిన సంగతి.

ఖర్చు తగ్గించుకునే ఉపాయాలకు ఇప్పుడు కొదవ లేదు. శుభలేఖలు అచ్చు వేయించకుండా ఫోన్లో పంపమంటారు. ఆదివారం కాకుండా పనిదినం చూసుకోమంటారు. పట్టుచీర ధర్మవరంలో మగ్గం దగ్గరే కొనుక్కోమంటారు. పూలు ముందురోజు తెల్లవారుజామున కడియపులంక మార్కెట్లోనో గుడిమల్కాపూర్‌లోనో నేరుగా తెచ్చుకోమంటారు. ఇవన్నీ పనికొచ్చే మాటలే. కాకపోతే వీటితో మిగిలేది వేలల్లో ఉంటుంది, అప్పు మాత్రం లక్షల్లో ఉంటుంది. ఆ లక్షలు ఖాయమయ్యేది దుకాణంలోనో హాలు ఆఫీసులోనో కాదు. తాంబూలాలు మార్చుకోవడానికి రెండు కుటుంబాలు ఒక చాప మీద కూర్చున్న ఆ ఒకటి రెండు గంటల్లోనే.

ఆ పూట తరచూ వినిపించే మాట ఒకటుంది. "మాకేమీ అక్కర్లేదండీ, పెళ్లి మాత్రం బాగా చెయ్యండి." అనేవారికి అందులో దురాశ ఉండకపోవచ్చు. కట్నం అడగలేదన్న తృప్తి కూడా ఉంటుంది. వినేవారికి మాత్రం ఆ 'బాగా' ఎంతో తెలియదు. అడగడానికి మొహమాటం. అడిగితే చేతకానివాళ్లమనుకుంటారేమోనన్న భయం. "అలాగేనండీ, మీ మర్యాదకు లోటు రానివ్వం" అని తలూపుతారు. ఆ వెంటనే ఇంకో మాట వస్తుంది. "మావైపు ఓ మూడొందల మంది వస్తారండీ, చూసుకోండి." అంతే. ఏ పత్రం మీదా అంకె రాయలేదు, ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు, కానీ ఆ తండ్రి నెత్తిన మూడు లక్షలో నాలుగు లక్షలో పడ్డాయి. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ అమల్లో ఉంది. పెళ్లికి ముందు ఇచ్చిపుచ్చుకున్న డబ్బునీ ఆస్తినీ అది పట్టుకోగలదేమో గానీ, 'బాగా చెయ్యండి' అన్న మాటను ఏ చట్టమూ పట్టుకోలేదు. దాన్ని అనేవారే ఆలోచించుకోవాలి.

అందుకే తక్కువ ఖర్చులో పెళ్లి చేయాలనుకునే ఇంటికి అన్నిటికన్నా ముందు కావలసింది తాంబూలాల నాడే ఒక అంకె బయటికి చెప్పగల స్థైర్యం. "మేం ఇంత పెట్టగలం, ఇంతకు మించి పెట్టాలంటే అప్పు చేయాలి" అని. ఆ మాట చెప్పడం ఆడపిల్ల తండ్రికి ఎంత కష్టమో మనందరికీ తెలుసు. సంబంధం ఎక్కడ చెడుతుందోనని గుండె దడదడలాడుతుంటే ఆ నోట మాట రాదు. కనుక ఆ మాట చెప్పగలిగే వీలు కల్పించాల్సిన బాధ్యత ఎక్కువగా మగపెళ్లివారిది. ముందు వాళ్లు నోరు విప్పాలి.

అలా విప్పిన ఒక ఇల్లు తూర్పుగోదావరి జిల్లాలో ఉంది. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు, అబ్బాయి సెల్ టవర్ల మీద పనిచేసే టెక్నీషియన్. అమ్మాయి తండ్రి ఆర్టీసీలో మెకానిక్, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. తాంబూలాల నాడు కాఫీలు అయ్యాక అబ్బాయి తల్లి చేతిసంచీలోంచి ఓ గీతల పుస్తకం తీసి మధ్యలో పెట్టారు. "అన్నయ్యగారూ, ముందు పిల్లలిద్దరూ ఎంత పెట్టగలరో చెప్పమందాం. తర్వాత మనం చెప్పుకుందాం. ఎవరూ అప్పు చేయకుండా ఎంతవుతుందో చూసి, ఆ పెళ్లే చేద్దాం" అన్నారామె. గదిలో అందరూ ఒక్కసారి ఆ తండ్రి వైపు చూశారు. ఆయన వెంటనే ఏమీ అనలేకపోయారు. ఆయన భార్యే ముందుగా, "వదినగారూ, రెండున్నర లక్షలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి" అన్నారు. పిల్లలు తమ జీతాల్లోంచి లక్ష అన్నారు. అబ్బాయివైపు లక్షన్నర. పుస్తెలు, మెట్టెలు ఎలాగూ విడిగా చేయించి ఉన్నాయి. మొత్తం 5 లక్షలు. ఆ అంకె కింద గీత గీశాక రెండు పేజీల్లో రెండువైపులా పిలవాల్సిన వాళ్ల పేర్లు రాశారు. ముందు 410 మంది తేలారు. ఒక్కో పేరూ చదివి, "వీళ్లింట్లో మంచిచెడ్డలకు మనం వెళ్తామా?" అని అడుగుతూ పోతే 220 దగ్గర ఆగింది.

ఊళ్లోని రామాలయం కల్యాణమండపంలో పగటి ముహూర్తానికి పెళ్లి జరిగింది. విందు ఒక్కటే. విడిగా రిసెప్షన్ పెట్టలేదు. అరిటాకులో పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, పులిహోర, బూరెలు, గడ్డపెరుగు. బంతిలో కూర్చున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ ఇరువైపుల తల్లులూ వెళ్లి "బూరె ఇంకొకటి వేయించుకోండి" అని అడగగలిగారు. 220 మంది కాబట్టి అది కుదిరింది. అయితే అంతా సాఫీగా ఏమీ సాగలేదు. అబ్బాయి మేనత్త తన ఊరివాళ్లను పిలవలేదని పది రోజులు మాట్లాడలేదు. అమ్మాయి బాబాయికి బ్యాండు లేదన్న వెలితి. మేనత్త ఊరివాళ్లను పెళ్లయిన మూడోరోజు అబ్బాయి ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పిలిచి అన్నం పెట్టారు, ఆవిడ మనసు కుదుటపడింది. బాబాయి వెలితి అలాగే ఉంది. ఎవరి మనసుకూ కష్టం కలగకుండా పెళ్లి చేయడం లక్షలు పోసినా ఎవరి తరమూ కాలేదు. ఆ తండ్రి మాత్రం రిటైరయ్యాక వచ్చే డబ్బును ముట్టుకోలేదు.

అసలు పెళ్లికి తప్పనిసరిగా ఏమేం కావాలో ఒకసారి దగ్గరగా చూద్దాం. గుప్పెడు జీలకర్ర, కాస్త బెల్లం కలిపి దంచి తమలపాకులో పెడతారు. వధూవరుల మధ్య పట్టే తెరసెల్ల ఒకటి. తలంబ్రాలకు పసుపు కలిపిన బియ్యం. కొబ్బరిబోండాం, కంకణాలకు పసుపుదారం, హోమానికి సమిధలు, నెయ్యి. సూత్రధారణ వేళకు కట్టుకునేవి మధుపర్కాలు, ఎర్రంచు ఉన్న తెల్లని నూలు బట్టలు. ఎంత ధనవంతుల ఇంట్లోనైనా వేలు పోసి కొన్న కంచిపట్టును పక్కన పెట్టి పెళ్లికూతురు ఆ ఘడియకు నూలుబట్టే కట్టుకుంటుంది. మన పెద్దలు ఆ ఘడియను పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ అందుబాటులో ఉంచారు. సూత్రానికి బంగారం కొనలేని ఇళ్లలో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మాంగల్యధారణ చేయించడం మన పల్లెలకు తెలిసినదే. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను కూడా, సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టేనంటుంది. 2024లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే సంగతి గుర్తుచేసింది. పెళ్లంటే ఆటపాటలకూ, విందులకూ, కట్నకానుకలకూ సందర్భం కాదని, అదొక సంస్కారమని, పెళ్లికి సిద్ధపడే యువతీయువకులు ఆ సంగతి ముందుగా లోతుగా ఆలోచించాలని చెప్పింది. ఇతర మతాల వారి సంగతీ అంతే. నిఖాకు కాజీ, సాక్షులు, మెహర్, ఇద్దరి అంగీకారం ఉంటే చాలు. మసీదులోనే నిఖా చేసుకుని వలీమా విందు ఒక్కటే పెట్టుకునే కుటుంబాలు హైదరాబాదులో ఉన్నాయి. చర్చిలో వివాహమైనా ప్రమాణాలే ప్రధానం.

సంప్రదాయం తగ్గిస్తున్నామన్న బాధ కొందరు పెద్దల్లో ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కాకపోతే తగ్గించడం మనకు కొత్త కాదని వారికి నెమ్మదిగా గుర్తుచేయవచ్చు. మన ముత్తాతల కాలంలో కలిగిన ఇళ్లలో పెళ్లంటే ఐదు రోజులు. రోజులు మారి, ఉద్యోగాలకు సెలవు దొరక్క, బంధువులు అన్నాళ్లు ఉండలేక అది ఒక్క రోజుకు వచ్చింది. దానివల్ల ఆ పెళ్లిళ్లేమీ తక్కువైపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో 'వివాహవిధి' రాసి, తానే పౌరోహిత్యం వహించి పెళ్లిళ్లు చేయించారు. నాస్తికోద్యమ నేత గోరా కుమార్తె మనోరమ పెళ్లి సేవాగ్రాంలో తన చేతుల మీదుగా జరిపిస్తానని గాంధీజీ మాటిచ్చారు. ఆయన హత్యానంతరం 1948 మార్చిలో ఆ పెళ్లి అక్కడే నిరాడంబరంగా జరిగింది. ఇలాంటి పెళ్లిళ్లు చూసి ఎన్నో ఊళ్లలో దండల పెళ్లిళ్లు జరిగాయి. ఆ దంపతుల మనవలు ఇప్పుడు మన మధ్య ఉన్నారు. ఇప్పుడు ఒక్క రోజుకు వచ్చిన పెళ్లి మళ్లీ పెరుగుతోంది. మంగళస్నానం హల్దీ అయింది, గోరింటాకు మెహందీ అయింది, వాటికి సంగీత్, కాక్‌టెయిల్, ప్రీవెడ్డింగ్ షూట్ తోడయ్యాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు బట్టలు, ఒక్కో డెకరేషన్. ఐదు రోజులనాడు ఇంటి పెరట్లోనే, ఊరి చేతులతోనే అన్నీ జరిగేవి. ఇప్పుడు ప్రతి పూటకూ బిల్లు ఉంటుంది.

మన సాహిత్యమూ సినిమా కూడా ఈ బాధను ఎప్పుడో పట్టుకున్నాయి. 1892లో విజయనగరంలో ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం'లో డబ్బు ఆడపిల్ల తండ్రి వైపు ప్రవహించింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' వచ్చేనాటికి అది దిక్కు మార్చుకుంది. ఆ నాటకం 1939లో సినిమాగా వచ్చింది. 1952లో విజయా వారి 'పెళ్లి చేసి చూడు' కట్నం సొమ్ము అందలేదని కొడుకును వెంటబెట్టుకుపోయే తండ్రిని చూపించింది. దిక్కు ఎటున్నా, మధ్యలో అప్పుల పాలయ్యే ఇల్లు ఒకటి ఎప్పుడూ ఉంది.

పిలుపుల సంఖ్య దగ్గర కాస్త ఆగాలి. ఖర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆకు ఒకటికి 500 రూపాయలనుకుంటే 800 మందికి 4 లక్షలు, 300 మందికి లక్షన్నర. మంది తగ్గితే హాలు చిన్నది చాలు, కుర్చీలు, బస్సులు, విడిది గదులు, రిటర్న్ గిఫ్టులు అన్నీ తగ్గుతాయి. ఎనిమిది వందల మందిని పిలిచిన చోట ఎంతమంది వస్తారో ఎవరికీ తెలియదు. తక్కువ పడితే పరువు పోతుందని వంటమేస్త్రి వెయ్యి మందికి వండుతాడు. మధ్యాహ్నం మూడు దాటాక హాలు వెనక వైపు వెళ్లి చూస్తే, అంచుల దాకా ఉన్న పులిహోర గుండిగలు, చెయ్యి పెట్టని స్వీట్ల ట్రేలు, డ్రమ్ముల్లోకి వంచేస్తున్న బిర్యానీ కనిపిస్తాయి. అదంతా వండించింది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతోనే. 2020లో కరోనా రోజుల్లో పెళ్లికి 50 మందిని మించకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. వాకిట్లో షామియానా వేసి, గుమ్మానికి మామిడాకులు కట్టి ఎన్నో జంటలకు ముడి పడింది. అప్పుడు బంధువులెవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే తగ్గించమన్నది ప్రభుత్వం. ఆ మాట అనడానికి ఇప్పుడు ప్రభుత్వం లేదు, ఇంటిపెద్దలే అనాలి.

ఊతమిచ్చే దారులు కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తెలియక వదులుకునేవారు ఇంకా ఉన్నారు. తిరుమలలో పాపవినాశనం రోడ్డులోని కల్యాణవేదికలో టీటీడీ 2016 నుంచి ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు దేవస్థానమే సమకూరుస్తుంది. అన్నవరం రత్నగిరి మీద, సింహాచలంలో, ద్వారకాతిరుమలలో, యాదగిరిగుట్టలో ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు వరసగా జరుగుతుంటాయి. తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాలు 2014లో 51 వేల రూపాయలతో మొదలై ఇప్పుడు 1,00,116 అయ్యాయి. ఆ డబ్బు వధువు తల్లి పేరిట వస్తుంది. పిల్లకు 18 ఏళ్లు నిండాలన్న షరతు వల్ల కొన్ని ఇళ్లలో పెళ్లి తొందర తగ్గింది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో తెచ్చిన కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన పెట్టారు. అది ఆలోచించి పెట్టిన నిబంధనే. ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ చెక్కు చేతికి వచ్చేసరికి పెళ్లయి నెలలు గడిచిపోవడం కద్దు. వస్తుందిగదా అని దానిమీద ముందే అప్పు చేస్తే, సాయం కాస్తా వడ్డీకే పోతుంది. ఆ డబ్బు కొత్త కాపురానికి గ్యాసు, గిన్నెలు, మూడు నెలల అద్దె అనుకుని పక్కన పెట్టుకోవడం మేలు.

ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు పెద్దలు తరచూ ముందుగా కొట్టేసేది పెళ్లికూతురు అడిగినదాన్ని. అది సరికాదు. ఆ పిల్లకు మంచి ఫొటోలు కావాలనుంటే అందులో తప్పేముంది? ఆ రోజు మళ్లీ రాదు. డ్రోన్, ఎల్‌ఈడీ తెర, రెండు కరిజ్మా ఆల్బంలు లేకుండా, పని తెలిసిన ఒక ఫొటోగ్రాఫరు చాలు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, "మీకు ఈ పెళ్లిలో తప్పకుండా కావలసినవి రెండు చెప్పండి" అని అడిగి, వాటిని లెక్కలో అన్నిటికన్నా పైన రాయాలి. చాలాసార్లు వాళ్లు అడిగేవి చిన్నవే. స్నేహితురాళ్లంతా ముందురోజే వచ్చి ఇంట్లో ఉండాలని ఒకరు, నాన్నమ్మ చేతి అరిసెలు ఉండాలని ఒకరు. స్వాగతద్వారానికి పదివేల రూపాయల ప్లాస్టిక్ పూలు కావాలని వాళ్లు అడగరు. అది ఎవరో వస్తారని, ఏదో అనుకుంటారని పెద్దలు పెట్టించేది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తగ్గించడమంటే పనిచేసేవారి కూలి తగ్గించడం కాకూడదు. నాదస్వరం, డోలు పట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి అప్పగింతల దాకా నిలబడే బజంత్రీల దగ్గర ఐదొందలకు బేరమాడి, డీజేకు అడిగినంతా ఇచ్చే ఇళ్లున్నాయి. వడ్డన చేసే కుర్రాళ్లలో చాలామంది కాలేజీ ఫీజు కోసం ఆ పనికి వచ్చినవాళ్లు. మూడు బంతులూ వడ్డించి, నాలుగింటికి గానీ అన్నం ముట్టరు. వస్తువులు తగ్గించండి, పూటలు తగ్గించండి, మంది తగ్గించండి. చెమటోడ్చిన చేతికి మాత్రం మాట్లాడుకున్నది మాట్లాడుకున్నట్టే పెట్టండి.

ఇక బంధువుల వంతు. పాత ఇళ్లలో అటక మీద వెతికితే ఇప్పటికీ చదివింపుల పుస్తకాలు దొరుకుతాయి. నిలువుగా ఉండే లెడ్జరు, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరామ. కింద పేరు, ఊరు, మొత్తం. మేనమామ 116, పక్కింటివారు 11, చాకలి వీరయ్య 2, ఇత్తడి బిందె ఒకటి, కంచు మరచెంబు ఒకటి. వేదిక పక్కన బల్ల వేసుకుని ఒకాయన గట్టిగా చదివేవారు, ఇంకొకాయన రాసేవారు. ఆ పుస్తకాన్ని ఇంటివారు భద్రంగా దాచుకుని, ఆ పేర్లలో ఎవరింట్లో పెళ్లయినా తీసి చూసి, అంతకు కాస్త కలిపి చదివించేవారు. వడ్డీ లేకుండా ఊరంతా ఒకరికొకరు పెట్టుకున్న పెట్టుబడి అది. అంతకన్నా ముందు, పెళ్లి వారం ఉందనగా ఒకరి బండి మీద బియ్యం బస్తా దిగేది, ఒకరు పందిరికి తాటాకు కొట్టించేవారు, ఇంకొకరు విస్తళ్లు కుట్టి తెచ్చేవారు, పాడి ఉన్నవాళ్లు పెరుగు తోడుపెట్టి కడవలతో పంపేవారు. పెళ్లిలో ఆడపిల్ల తండ్రి ఒక్కడే డబ్బు తీయాల్సిన పరిస్థితి ఉండేది కాదు.

ఇప్పుడు మనం ఇచ్చేవి ఎక్కువగా రంగుకాగితంలో చుట్టిన గోడగడియారాలు, డిన్నర్ సెట్లు. కవరులో డబ్బు పెట్టి ఇచ్చినా, అది రిసెప్షన్ వేదిక మీద చేతికందుతుంది. అప్పటికే అప్పు తేవడం, ఖర్చు చేయడం అన్నీ అయిపోయి ఉంటాయి. అదే డబ్బు పెళ్లికి పదిహేను రోజుల ముందు అందితే దాని విలువ వేరు. వంటమేస్త్రికి బయానా ఇవ్వాల్సింది అప్పుడే. కిరాణా కొట్లో సరుకులు దించుకోవాల్సింది అప్పుడే. మన అన్న కూతురికో, అక్క కొడుక్కో, ఆఫీసులో మనతో పాతికేళ్లు పనిచేసిన మనిషి ఇంట్లోనో ఈ మాఘంలో పెళ్లి ఉందని తెలిస్తే, శుభలేఖ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ముందే వెళ్లి, "వదినా, పూల ఖర్చు నాది" అనో, "బావగారూ, మగపెళ్లివారి బస్సు నేను చూసుకుంటా" అనో చెప్పి రావచ్చు. బియ్యం ఒకరు, పూలు ఒకరు, పాలూ పెరుగూ ఒకరు ఒప్పుకుంటే, ఆ తండ్రి రాయబోయే ప్రామిసరీ నోటు మీద అంకె ఆ మేరకు తగ్గుతుంది. నలుగురైదుగురు గట్టిగా పూనుకుంటే ఆ నోటు రాయాల్సిన పనే ఉండకపోవచ్చు.